స్క్రోలింగ్‌లో వచ్చిన సెలవు

నాలుగూ పదికి పద్నాలుగు మంది పోయారు. నాలుగూ పద్నాలుగుకి మళ్ళీ అదే పద్నాలుగు మంది పోయారు. ఎక్కడో దూరదేశంలో గని కూలిందట, టీవీ తెర అడుగున ఎర్రపట్టీ మీద కుడివైపు నుంచి వచ్చి ఎడమవైపుకి వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే ఒక మంత్రిగారి పంటినొప్పి, ఆ వెనక జంతుప్రదర్శనశాలలో జిరాఫీకి ఆడపిల్ల, ఆ వెనక రేపటి వాతావరణం. నాలుగు నిమిషాలకి ఒక చుట్టు. ఈ ఛానల్ ఆఫీసు రిసెప్షన్‌లో, స్పంజి బయటికి వచ్చిన సోఫా చివర, ఒళ్ళో స్కూలు బ్యాగు పెట్టుకుని ఇప్పటికి మూడు చుట్లు చూశాను. ఆ స్క్రోలింగ్ కొట్టేది మా అమ్మ. తొమ్మిదేళ్ళుగా ఆవిడ ఉద్యోగం అదే, పైన మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే అడుగున చప్పుడు చెయ్యకుండా లోకంలో ఏం జరిగిందో రాసి పంపించడం. ఇవాళ ఆవిడ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఆవిడ ఎడిటరు గదిలో ఉంది, ఆ గది తలుపు మూసి ఉంది, రేపటి నుంచి ఆ కుర్చీ ఆవిడకి ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ తలుపు అవతల తేలుతోంది. తప్పు నాది. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు, అమ్మకి కూడా.

అమ్మకి ఏడు పదాలు ఇస్తారు. గని కూలినా, ప్రభుత్వం కూలినా ఏడు, మహా అయితే ఎనిమిది, అంతకు మించితే చదివేలోపే జారిపోతుందట. అందుకని లోకంలో ఎవరు చచ్చినా మా అమ్మ చేతిలో పొదుపుగా చస్తారు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. పొద్దున్నే వంటింట్లోంచి, "పాలు విరిగాయి, టీ రద్దు, ప్రజలు సహకరించాలి" అంటుంది. నా ప్రోగ్రెస్ కార్డు చూసి, "లెక్కల్లో కొనసాగుతున్న అల్పపీడనం" అని సంతకం పెట్టేస్తుంది. నాన్న లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే ఉంటాడు, ఆయన ఫోన్ చేస్తే అమ్మ చెప్పేవన్నీ ముఖ్యాంశాలే, వివరాలు అడిగితే వచ్చాక చూసుకోమంటుంది. మా సోషల్ సారు ప్రతి సోమవారం వారం విశేషాలు పది రాసుకు రమ్మంటాడు, అందరూ ఫోన్లో వెతుక్కుంటారు, నేను స్క్రోలింగ్ చూసి దించేస్తాను. ఒకసారి ఆయన నన్ను లేపి, ప్రపంచం గురించి నీ సొంత అభిప్రాయం ఏమిటమ్మా అన్నాడు. ప్రపంచం చాలా ఎక్కువ ఉందండీ అన్నాను. క్లాసంతా నవ్వింది, ఆయన కూర్చోమన్నాడు. నేను వెటకారానికి అనలేదు, నిజంగానే అన్నాను. గనిలో పద్నాలుగు మంది అంటే నాకేమీ అనిపించదు. అనిపించాలని ప్రయత్నం కూడా చేశాను, మా క్లాసులో ముందు రెండు వరసలూ కలిపితే సరిగ్గా పద్నాలుగు మంది, వాళ్ళందర్నీ మనసులో ఒకేసారి గనిలో పెట్టి చూశాను, ఏడుపు రాలేదు సరికదా, అందులో ఇద్దరు ముగ్గురు పోయినా పెద్ద నష్టం లేదనిపించింది. యుద్ధం కూడా అంతే, అది మొదలైనప్పుడు నేను ఎనిమిదో తరగతి, ఇప్పుడు పది, రోజూ వస్తూనే ఉంటుంది, మా మేడమీద వాళ్ళ మోటారు చప్పుడులాగా ఆగినప్పుడే దాని గురించి ఆలోచిస్తానేమో.

రిసెప్షన్‌లో కూర్చునే అక్క ఫోన్ కింద పెట్టే లోపే ఇంకోటి మోగుతోంది. అవునండీ, పొరపాటేనండీ, నిన్ననే తీసేశామండీ, మీ బాబు హాజరు సంగతి మాకు తెలీదండీ. ఒక ఫోనుకీ ఇంకో ఫోనుకీ మధ్య నావైపు తిరిగి, "మీ అమ్మ ఎంతమంది పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టిందో తెలుసా నీకు? నిన్నటి నుంచి నా చెవి వాచిపోయింది" అంది. అన్నాక మళ్ళీ జాలేసినట్టుంది, మంచినీళ్ళ సీసా నా వైపు తోసింది. రోజూ ఈ టైముకి నేను ఇంటి తాళంచెవి కోసం వస్తాను కాబట్టి ఆవిడకి నేను అలవాటే. రెండో తాళంచెవి ఉండేది, అది పోగొట్టింది కూడా నేనే. ఆలోచిస్తే మా ఇంట్లో ఈమధ్య జరిగిన నష్టాలన్నిటికీ వెనక ఒకే మనిషి ఉంది. సోఫా అవతలి చివర ఒక కొరియర్ అతను కవర్ల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని సంతకం కోసం కాచుకుని ఉన్నాడు. టీవీలో పైన జరుగుతున్న చర్చ చూస్తున్నాడు, ఎవరో నలుగురు నాలుగు గళ్ళలో కూర్చుని ఒకేసారి మాట్లాడుతున్నారు, అడుగున జిరాఫీపిల్ల మళ్ళీ పుట్టింది, అతను చూడలేదు. ఎవరూ చూడరు. మందుల షాపులో, కటింగ్ షాపులో, బస్టాండులో నేను గమనించాను, మనుషుల కళ్ళు తెర మధ్యలోనే ఉంటాయి.

సోమవారం మాత్రం చూశారు. సోమవారం పొద్దున్నుంచీ వాన, వీధిలో నీళ్ళు మెట్టు దాకా వచ్చాయి, మా క్లాసు గ్రూపులో వెనక బెంచీవాడు రేపు సెలవట అని పెట్టాడు. వాడు ఈ ఏడాదిలోనే మా హెడ్మాస్టరుగారిని రెండుసార్లు బదిలీ చేయించాడు, ఒకసారి ఆస్పత్రిలో కూడా చేర్పించాడు, వాడి మాట వాడి తమ్ముడు కూడా నమ్మడు. సాయంత్రం ఆరు కావస్తుండగా అమ్మ ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. వెనక ఎవరో కేకలేస్తున్నారు. విద్యాశాఖ ఆఫీసులో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు, అవతలి ఛానల్ వాళ్ళు ముందు వేసేస్తారని ఎడిటరు తొందర పెడుతున్నాడు, రేపు సెలవని నలుగురూ అనుకుంటున్నారు, "మీ స్కూలు వాళ్ళేమైనా పంపారా?" అని అడిగింది. ఆ, పంపారు అన్నాను. "స్కూలు వాళ్ళేనా? మీ పిల్లలు పెట్టింది కాదు కదా?" స్కూలు వాళ్ళే అన్నాను. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ చెప్పాను. గొంతు కూడా తడబడలేదు.

ఎందుకు చెప్పానంటే. ఇక్కడే మూడు రోజులుగా ఆగిపోతున్నాను. మర్నాడు లెక్కల పరీక్ష ఉంది, అందుకని. కానీ నాకు లెక్కలంటే భయం ఎప్పుడో పోయింది, అల్పపీడనంలో బతకడం అలవాటైంది. నోటినిండా బిస్కెట్లు ఉన్నాయి, పొడుగ్గా చెప్పే ఓపిక లేక అలా అనేశాను. బిస్కెట్లు ఉన్న మాట నిజమే. అమ్మ కంగారుగా ఉంది, ఆవిడకి పని తేలిక చేద్దామని. ఇది అన్నిటికంటే బాగుంది, ఎడిటరు ముందు చెప్పుకోవడానికి పనికొస్తుంది, కానీ ఇది నేను నిన్న రాత్రి కల్పించుకున్నది. ఆరూ ఇరవైకి ఎర్రపట్టీ మీద వచ్చింది. భారీ వర్షాలు, రేపు పట్టణంలోని పాఠశాలలన్నిటికీ సెలవు. నేను టీవీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాను. వచ్చింది, వెళ్ళింది, నాలుగు నిమిషాల తర్వాత మళ్ళీ వచ్చింది. మేడమీద పిల్లలు మంచం మీద నుంచి కిందికి దూకారు, దబ్బుమని మా పైకప్పు అదిరింది. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి పక్కింటి ఆవిడకి కేకేసి చెప్పింది. సెలవని వీళ్ళకెలా తెలిసిందా అని ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయాను, తర్వాత గుర్తొచ్చింది, నేనే చెప్పాను కదా. భోజనాల వేళకి పదకొండుసార్లు చూశాను. నిన్న పొద్దున చూస్తే వాన వెలిసి ఎండ కాస్తోంది, స్కూళ్ళు తెరిచే ఉన్నాయి, సెలవని ఏ ఆఫీసూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. ఫోన్ పట్టుకుని నావైపు చూసింది. స్కూలు వాళ్ళు ఆ మెసేజ్ మళ్ళీ తీసేశారమ్మా అన్నాను. అదే రెండో అబద్ధం, మొదటిదాని కంటే తేలిగ్గా వచ్చింది. అమ్మ, "వాళ్ళు మార్చుకుంటారు, మాట పడేది మేం" అని గబగబా జడ వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ నాకు ఇది ఒక తమాషాగానే ఉండింది, అడుగున పోయే ఇంకో సంగతి లాగే. ఇవాళ మధ్యాహ్నం తిండి బెల్లులో మారింది. నా పక్క బెంచీ పిల్లని అందరం నిచ్చెన అంటాం, అంత పొడుగు, ఎత్తు దూకడంలో మా స్కూల్లో దాని ముందు మగపిల్లలు కూడా నిలవరు. నిన్న క్రీడల పాఠశాల నుంచి కోచ్ వచ్చి ఎంపిక చేసి వెళ్ళిపోయాడట. మైదానానికి అయిదుగురు వచ్చారు, అందులో ఒకమ్మాయిని తీసుకున్నాడు, ఆ అమ్మాయి దూకే ఎత్తు నిచ్చెన నిద్రలో దూకుతుంది. నిచ్చెన ఆ సంగతి డబ్బా మూత పెట్టుకుంటూ చెప్పింది. "మా నాన్న టీవీలో చూశాడే. టీవీలోనే వేశారు కదా అని నన్ను లేపలేదు. పోన్లే, నేను దూకినా తీసుకునేవాళ్ళో లేదో." వచ్చే ఏడాది వెళ్ళొచ్చు కదా అన్నాను. "వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది" అంది, అని నా డబ్బాలో మిగిలింది కూడా తినేసింది, అది ఎప్పుడూ చేసే పనే. గని గురించి రానిది, యుద్ధం గురించి రానిది, అది అలా మామూలుగా నా డబ్బా ఖాళీ చేస్తుంటే వచ్చింది. నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది, చెవుల దాకా వేడెక్కింది. దానికి చెబుదామని నోరు తెరిచాను, బెల్లు కొట్టారు.

కాబట్టి ఇవాళ వచ్చింది తాళంచెవికి కాదు. లేచి, ఆ తలుపు తోసి, సార్, అమ్మ తప్పేమీ లేదండీ, నేనే అబద్ధం చెప్పాను అనాలి. దారి పొడుగునా వాక్యం సర్దుకున్నాను. అమ్మ పద్ధతిలో కూడా సర్ది చూశాను, సెలవు అబద్ధం, కూతురి ఒప్పుకోలు, ఎడిటరు ఆశ్చర్యం. ఆరు పదాలే అయ్యాయి, ఇంకో పదానికి చోటుంది, అక్కడ ఏం వస్తుందో ఆలోచించబుద్ధి కాలేదు. తీరా వచ్చి కూర్చున్నాక గని వస్తోంది, ఇది వెళ్ళాక లేద్దామనుకుంటాను, పంటినొప్పి వస్తుంది, జిరాఫీ వస్తుంది, వాతావరణం అయిపోయాక తప్పకుండా లేద్దామనుకుంటాను, మళ్ళీ గని. ఎడిటరు గొంతు పెంచే మనిషి కాదు, దగ్గు బిళ్ళ చప్పరిస్తూ మెల్లగా మాట్లాడతాడు, అందుకే లోపల ఏం జరుగుతోందో వినిపించదు. తలుపు అద్దంలోంచి అమ్మ వీపు మాత్రం కనిపిస్తోంది. నిలబడే ఉంది. కూర్చోమనలేదన్నమాట. కొరియర్ అతనికి సంతకం దొరికింది, వెళ్ళిపోయాడు. నేను లేవలేదు. ఎంత పిరికిదాన్నో నాకే వింతగా ఉంది, ఇంకెవరి గురించో తెలుసుకుంటున్నట్టు.

నాలుగూ ముప్ఫై ఏడుకి జిరాఫీ తర్వాత వాతావరణం రాలేదు. కొత్తది వచ్చింది. సెలవు వార్తకు చింతిస్తున్నాం, పాఠశాల కార్యాలయం ఫోనులో తప్పుడు సమాచారం ఇచ్చింది. పదాల లెక్క దాటినా, పాఠశాల అన్న మాటకి ముందు మా స్కూలు పేరు ఉంది, పూర్తి పేరు, మా బ్యాగుల మీద ఉండేది ఉన్నదున్నట్టు. అది ఎడమ అంచుకి చేరి మాయమయ్యేదాకా చూశాను. పాఠశాల కార్యాలయం. మా స్కూలు ఆఫీసు అంటే ఒక గది, ఆ గది అంటే ఒక మేడం. ఫోనెత్తేది ఆవిడే, ముద్రలు కొట్టేది ఆవిడే, ప్యూను రాకపోతే బెల్లు కొట్టేదీ ఆవిడే, పిల్లలు మర్చిపోయిన గొడుగులకి చీటీలు కట్టి దాచేదీ ఆవిడే. నేను ఆలస్యంగా వెళ్ళినప్పుడల్లా చీటీ మీద కారణం అన్నచోట నన్ను అడక్కుండానే బస్సు అని రాసేస్తుంది. మొదటిసారి ఎందుకండీ అలా రాశారు అంటే, "నీకెందుకులే పొద్దున్నే అబద్ధం ఆడే శ్రమ" అంది. రేపు పొద్దున హెడ్మాస్టరుగారు ఆవిడని పిలుస్తారు. ఈ రాత్రికే పిలుస్తారేమో. ఆవిడ నేనేమీ చెప్పలేదండీ అంటుంది, టీవీలో వేశారు కదమ్మా అంటారు.

తలుపు తెరుచుకుని అమ్మ బయటికి వచ్చింది. మొహం కడుక్కున్నదానిలా ఉంది. నా భుజం మీద చెయ్యేసి, "పద, అయిపోయింది. ఉద్యోగం ఉంది" అంది, రిసెప్షన్ అక్కకి చెయ్యి ఊపింది. మెట్లు దిగుతుంటే, "ఇంకో అయిదు నిమిషాలైతే నా పని అయిపోయేదే. ఎవర్నడిగి వేశారు అని ఒకటే పట్టు. మా అమ్మాయిని అడిగాను అంటే నవ్వరూ? స్కూలు ఆఫీసుకి ఫోన్ చేశానని చెప్పాను" అంది.

"చెయ్యలేదు కదా" అన్నాను.

"చెయ్యలేదు. అయితే ఏం, పంపింది వాళ్ళే కదా. రెండూ ఒకటే."

మెట్ల మలుపులో ఆగాను. అమ్మ రెండు మెట్లు దిగి వెనక్కి చూసింది. వాళ్ళు పంపలేదమ్మా అన్నాను. అమ్మకి అర్థం కాలేదు, తీసేశారన్నావు కదా అంది. తియ్యడానికి అసలు పంపితే కదా అన్నాను. ఇది ఇంత మామూలుగా వస్తుందనుకోలేదు, మూడు రోజులు మోసిన వాక్యం, తాళంచెవి పోయిందని చెప్పినంత మామూలుగా వచ్చింది. అమ్మ మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది. కొట్టలేదు, తిట్టలేదు.

"ఆ ఆఫీసులో ఎంతమంది ఉంటారు?" అని అడిగింది.

"ఒక్కావిడ."

అమ్మ మెట్టు మీద కూర్చుంది. కింద నుంచి ఎవరో ఫైళ్ళు పట్టుకుని వచ్చి మమ్మల్ని తప్పుకుని పైకి వెళ్ళారు. అమ్మ వాళ్ళకి దారి ఇవ్వడానికి చీర దగ్గరికి లాక్కుంది, లాక్కుని అలాగే లేచింది, "నువ్విక్కడే ఉండు" అని పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఉండమంటే ఉండిపోవడం నాకు తేలిక. ఏం జరిగినా పక్కన నిలబడి చూడటం నాకు బాగా వచ్చిన పని, బహుశా అదొక్కటే వచ్చిన పని. నాలుగు మెట్లు వెళ్ళనిచ్చాను. తర్వాత ఒక్కో అంగకి రెండేసి మెట్లు ఎక్కి ఆవిడని దాటి, రిసెప్షన్ దాటి, అమ్మ కంటే ముందు ఆ తలుపు నేను తోశాను.

ఎడిటరు బిళ్ళ బుగ్గన పెట్టుకుని తలెత్తాడు. "స్కూలు ఆఫీసుకి ఎవరూ ఫోన్ చెయ్యలేదండీ. అమ్మ నన్ను అడిగింది. రెండుసార్లు అడిగింది. నేను రెండుసార్లూ అబద్ధం చెప్పాను" అన్నాను. అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. ఆయన నన్ను దాటి ఆవిడని చూశాడు.

"నిజమేనామ్మా?"

"నిజమేనండీ."

"ఇందాక ఫోన్ చేశానన్నారు."

"అన్నానండీ."

ఆయన ఇంటర్‌కామ్ ఎత్తి ఆ సవరణ ఇప్పుడే తీసెయ్యమన్నాడు, పెట్టేశాడు. గోడ మీద టీవీలో పట్టీ ఒక క్షణం ఆగింది, మళ్ళీ గని దగ్గర మొదలైంది. "తప్పు వెయ్యడం అయితే నేను పైవాళ్ళకి ఏదోటి చెప్పుకునేవాణ్ణి. ఇంకో తప్పుతో దాన్ని కప్పితే నేను చెప్పుకోలేను. కార్డు ఇచ్చి వెళ్ళండమ్మా" అన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా. అమ్మ మెడలో కార్డు తియ్యబోతే రిబ్బను జడలో చిక్కుకుంది. విడదీసుకుంటూ, ఆ గదిలో ఆయన ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయి, నన్ను అడిగింది.

"ఎందుకు చెప్పావే అలాగ?"

కోపంగా అడగలేదు. తెలీక అడిగింది. లెక్కల పరీక్ష, బిస్కెట్లు, అమ్మకి పని తేలిక చెయ్యడం, మూడూ వరసగా వచ్చి నిలబడ్డాయి, దేన్నీ ముట్టుకోలేదు.

"నేను చెప్పింది నువ్వు రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని" అన్నాను. "అక్కడ అడుగున పోతుంటే."

"నువ్వు చూస్తావా అవి?"

"రోజూ" అన్నాను. "అన్నీ."

ఎడిటరు చెయ్యి చాచి ఉంచాడు. అమ్మ కార్డు చేతిలో పట్టుకుని, ఇవ్వడం మర్చిపోయి, నన్నే చూస్తోంది.